జాతరకు బోవుటకు తగిన తరుణము

సెలవులు దగ్గరపడగానే మా విద్యార్థుల మనస్సులు పుస్తకముల మీదనుండి ప్రయాణముల మీదికి మరలును. ఇటీవల భూగోళ పాఠము ముగిసిన వెంటనే తొమ్మిదవ తరగతి బాలుడొకడు లేచి, "అయ్యా, కచ్ఛదేశమునందు తెల్లని యెడారిలో గొప్ప యుత్సవము జరుగునట. వేసవి సెలవులలో మా నాయనతో గూడ పోయి చూడవచ్చునా?" అని యడిగెను. తరగతిలో కొందరు నవ్విరి. మేము నవ్వలేదు. ఆ బాలునికి చూడదగిన స్థలము తెలిసినది. చూడదగిన కాలము తెలియలేదు. మే నెలలో నచ్చటికి బోయినచో ఉత్సవపు గుడారములు లేచిపోయి, నిప్పులు చెరుగు నెండ మాత్రము మిగిలియుండును. ఆగస్టులో బోయినచో ఎడారియే కానరాదు. దాని స్థానమున విశాలమైన నీటి మడుగు కానవచ్చును.

ఇట్టి పొరపాటు బాలురు మాత్రమే చేయుదురని యెంచరాదు. పెద్దలమైన మేమును జేసితిమి. కొన్ని యేండ్ల క్రిందట మాలో కొందరము మేడారము జాతరకు బయలుదేరితిమి. ఏ దినమున బోవుట మంచిదని యెవరమును విచారింపలేదు. గురువారము సెలవు దొరకినది. కావున గురువారమే ప్రయాణమైతిమి. మాతోడ ఒక యుపాధ్యాయుని వృద్ధ మాతయు, ఇద్దరు బాలురును వచ్చిరి. మధ్యాహ్నము మొదలు బండ్లు చీమలబారువలె దారిలో నిలిచిపోయెను. మేము చేరునప్పటికి అర్ధరాత్రము దాటెను. సమ్మక్క తల్లి గద్దెకు వచ్చు ఘట్టమును గన్నులార చూడవలెనని యాశపడిన యా వృద్ధురాలు దానిని చూడలేదు. జనసమ్మర్దములో గద్దెల దరికైనను చేరలేదు. బాలురలో చిన్నవాడు చేయి వదలి తప్పిపోయెను. తప్పిపోయిన పిల్లలను జేర్చు శిబిరములో వాడు దొరకువరకు గడచిన రెండు గంటలను మేము నేటికిని మరువలేదు. తిరుగుదారిలో ఆ యవ్వ మమ్ము నొక్కమాటయు నిందింపక, "రెండు వారములు ముందుగా వచ్చియున్నచో నిమ్మళముగా మొక్కుకొని పోయియుందుము గదా, బిడ్డా" అని మాత్రము చెప్పెను. ఆ మాటయే యీ వ్యాసమునకు మూలము.

ఉత్సవమెప్పుడో పంచాంగము చెప్పును. మనమెప్పుడు పోవలెనో పంచాంగము చెప్పదు. దానిని మనమే లెక్కించుకొనవలెను. ఆ లెక్క నాలుగు విధములైనదని మాకు తోచుచున్నది: చంద్రుని లెక్క, నేల లెక్క, జనుల లెక్క, ఇంటి లెక్క. వీనిని క్రమముగా విచారింతము.

చంద్రుని లెక్క

మన జాతరలలో నెక్కువభాగము తిథులనుబట్టి జరుగును. తేదీలనుబట్టి జీవనము సాగించువారికి, ముఖ్యముగా మన ప్రాంతమునకు క్రొత్తగా వచ్చిన మిషను బంధువులకు, ఒకే జాతర యొకసారి జనవరిలోను, మరియొకసారి ఫిబ్రవరి కడపటను వచ్చుట వింతగా నుండును. ఇందు వింత యేమియు లేదు. పండ్రెండు చాంద్రమాసములు కలిసి సుమారు 354 దినములు. సూర్యునిబట్టి సంవత్సరము సుమారు 365 దినములు. ఏటేట 11 దినములు వెనుకబడుచుండును. ఈ లోటు తీర్చుటకై సుమారు 33 నెలల కొకసారి అధికమాసమును జేర్చుదురు. 19 సంవత్సరములలో నిట్టివి 7 వచ్చును.

మేడారము జాతర రెండు సంవత్సరముల కొకసారి మాఘ పున్నమి ప్రాంతమున జరుగును. రెండేండ్ల నడుమ అధికమాసము రానిచో మాఘ పున్నమి సుమారు 22 దినములు ముందునకు జరుగును. అధికమాసము వచ్చినచో ఏడెనిమిది దినములు వెనుకకు బోవును. విద్యార్థులు దీనిని తామే పరీక్షింపవచ్చును. మాఘ పున్నమి 2016లో ఫిబ్రవరి 22న వచ్చెను. తరువాతి రెండేండ్లలో అధికమాసము లేదు. 2018లో అది జనవరి 31కి వచ్చెను. 2018లో అధిక జ్యేష్ఠము వచ్చెను; 2020 పున్నమి ఫిబ్రవరి 9. 2020లో అధికాశ్వయుజము, 2022 పున్నమి ఫిబ్రవరి 16. 2023లో అధిక శ్రావణము. 2024 పున్నమి ఫిబ్రవరి 24. పిమ్మట రెండేండ్లలో అధికమాసము లేదు. 2026 పున్నమి ఫిబ్రవరి 1. చంద్రుడు తన లెక్క తప్పలేదు. మన గోడమీది క్యాలెండరు మాత్రమే ఆ లెక్కను దాచియుంచినది.

అయినను పున్నమి తెలిసినంతమాత్రమున జాతర దినము తెలిసినట్లు కాదు. మేడారము జాతర బుధవారమున మొదలై శనివారమున ముగియును. 2018లో బుధవారమే పున్నమి. 2024లో కడపటి దినమైన శనివారము పున్నమి. 2020లోను, 2026లోను జాతర ముగిసిన మరునాడు, ఆదివారమున పున్నమి వచ్చెను. ఏ బుధవారమని నిర్ణయించువారు అచ్చటి కోయ పూజారులు. కావున పంచాంగము చూచి వారమును ఊహింపవచ్చును గాని, పూజారులు ప్రకటించువరకు బండి మాట్లాడుకొనరాదు.

ఎడారిలోను ఇదే చంద్రుడు, ఇదే లెక్క. రాజపుత్రస్థానమునందలి జైసల్మేరులో జరుగు మరు మహోత్సవము మాఘ శుద్ధ త్రయోదశి మొదలు పున్నమి వరకు మూడు దినములు. 2024లో అది ఫిబ్రవరి 22 మొదలు 24 వరకు జరిగెను. మేడారము జాతర అదే సంవత్సరము 21 మొదలు 24 వరకు. ఒకే చంద్రుని క్రింద ఆ రాత్రులలో ఒకచోట ఇసుకతిన్నెల మీద ఒంటెలవారు, మరియొకచోట అడవి నడుమ మన తల్లులును అక్కలును గూడియుండిరి. విద్యుద్దీపములు లేని దినములలో కాలినడకను, ఎడ్లబండ్లమీదను రాత్రివేళ సాగువారికి పున్నమికంటె మంచి దీపము వేరొకటి లేదుగదా.

దీనికి మన యూరి ప్రక్కనే యుదాహరణము కలదు. జగిత్యాలకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, కరీంనగరము దారిలోనున్న కొండగట్టునందు హనుమజ్జయంతి రెండుమారులు జరుగును. చిన్న జయంతి చైత్ర పున్నమినాడు. పెద్ద జయంతి వైశాఖ బహుళ దశమినాడు. రెంటికిని నడుమ సుమారు 40 దినములు. దీక్ష వహించినవారు కాలినడకను, ఎండకు వెరచి రాత్రివేళనే యెక్కువగా నడతురు. చైత్ర పున్నమినాడు సూర్యుడస్తమించుసరికి చంద్రుడుదయించి తెల్లవారువరకు దారి చూపును. బహుళ దశమినాడు అర్ధరాత్రము దాటినగాని చంద్రుడు కానరాడు. అప్పుడు లాంతరో, చేతిదీపమో తప్పక వెంట నుండవలెను. బండ్లు తిరుగు దారిలో ప్రక్కగా, వరుసగా నడువవలెను. ఈ చిన్న భేదమెరుగక చీకటిలో దారి నడుమ నడచుట ప్రమాదకరము.

నేల లెక్క

చంద్రుడు అన్ని దేశములకు నొక్కడే. నేల యట్లు కాదు. కచ్ఛదేశపు తెల్లని యెడారిని 'రణ్' అందురు. ఇది మనకు పరాయి మాట కాదు. సంస్కృతమున 'ఇరిణము' అనగా చవిటినేల. ఆ మాటయే కాలక్రమమున రణ్ అయ్యెను. ఈ నేల సముద్రమట్టమునకు కొంచెమే యెత్తున నున్న పల్లము. నైరుతి ఋతుపవనములు వీచునపుడు వాననీరును, లూణీ మొదలగు నదుల నీరును, కాలువలగుండ త్రోసుకొనివచ్చు సముద్రజలమును అందు నిండును. వానలు వెనుకదీసిన పిదప ఆ నీరు ఎండకును గాలికిని మెల్లమెల్లగా నింకిపోయి, ఉప్పు మాత్రము నేలమీద పెచ్చుగట్టును. చూచువారికి మంచు పరచినట్లు కానవచ్చునది యీ యుప్పే.

కావున ఎడారి యుత్సవమునకు తరుణము ఋతువే నిర్ణయించుచున్నది. ధోర్డో గ్రామమునొద్ద గుజరాతు ప్రభుత్వము జరుపు రణ్ ఉత్సవము నవంబరు ప్రాంతమున మొదలై శీతకాలమంతయు సాగును. ఆరంభ దినములలో బోయినవారికి కొన్నిచోట్ల ఉప్పు ఇంకను తడిగానుండి, అడుగు బురదలో దిగుట కలదు. డిసెంబరు, జనవరి నెలలలో పెచ్చు గట్టిపడి తెల్లదనము బాగుగా తేరును. ఫిబ్రవరి గడచిన పిదప ఎండ ముదురును. ఇంకొక సంగతి కలదు. ఎడారి గాలిలో తేమ తక్కువగుటచే పగటి వేడిమి రాత్రి నిలువక త్వరగా పోవును. పగలు చొక్కా చాలినచోటనే రాత్రి కంబళి కావలెను. మన జగిత్యాల చలిని జూచి యెడారి చలిని అంచనా వేయరాదు.

ఈ దృష్టితో మన జాతరలను జూతము. మేడారమునందు జాతరకు వచ్చువారు మొదట జంపన్న వాగులో స్నానము చేయుదురు. పూర్వము సంపెంగ వాగని పేరుగల యీ వాగులోనే కాకతీయ సైన్యముతో పోరాడి యోడిన సమ్మక్క కుమారుడు జంపన్న ప్రాణము విడిచెనని ఐతిహ్యము. మాఘమునందు వాగు మోకాలిబంటి నీటితో, ఇసుకమేటలతో శాంతముగా నుండును. వానకాలపు పంట యిండ్లకు జేరియుండును, చలి తగ్గుచుండును, ఎండ యింకను ముదిరియుండదు. అడవిలో చెట్ల క్రింద నాలుగు రాత్రులు పండుకొనుటకు ఇంతకంటె మంచి కాలము దొరకదు. అదే వాగు వానకాలమున వేరు రూపము దాల్చును. 2023 జూలై కడపట అది పొంగి కొండాయి గ్రామమును ముంచి పలువురి ప్రాణములు గొనెను. జాతరలో గోవిందరాజును తోడ్కొనివచ్చునది యా కొండాయినుండియే. మాఘములో పిల్లలాడుకొను నీటికి శ్రావణములో నెంత బలముండునో యెరిగినవారే కాలమునకు విలువ నెరిగినవారు.

ధర్మపురి సంగతియు నిట్టిదే. అచ్చట లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవములు ఫాల్గుణ శుద్ధ ఏకాదశికి మొదలగును. అప్పటికి గోదావరిలో నీరు తగ్గి ఇసుక తేలియుండును. ఎగువనున్న శ్రీరాంసాగరము నుండి విడుచు నీటినిబట్టి యది హెచ్చుతగ్గులగుచుండును. నీరు తక్కువ గదాయని యీతరాని బాలురు ఇసుక గుంటలలోనికి దిగరాదు. గోదావరి పుష్కరములకు మాత్రము చంద్రునితో సంబంధము లేదు. బృహస్పతి సింహరాశి ప్రవేశమునుబట్టి 12 సంవత్సరముల కొకసారి యవి వచ్చును. 2003లో జూలై కడపటను, 2015లో జూలై నడుమను వచ్చెను. 2015 తరువాతి పుష్కరము 2027వ సంవత్సరపుది. అది వానకాలపు ఉత్సవము కావున అందునకు బోవువారు గొడుగునే కాదు, నది వరద వార్తలను గూడ వెంట నుంచుకొనవలెను.

కొండగట్టు పెద్ద జయంతి వచ్చునప్పటికి మన ప్రాంతమున ఎండలు మిక్కిలి తీవ్రముగా నుండును. వట్టి కాళ్లతో తారు రోడ్డుమీద నడచువారికి మిట్టమధ్యాహ్నము శత్రువు. తెల్లవారుజామున బయలుదేరి, పగలు పదిగంటలలోగా నీడ జేరి, సాయంకాలము మరల సాగువారు క్షేమముగా చేరుదురు. నీటిసీసా లేక బాలురను వెంట బంపు తల్లిదండ్రులకు మా హెచ్చరిక యిదియే.

జనుల లెక్క

ఇది యన్నింటికంటె కఠినమైనది. ఏలయన మనముకూడ ఆ జనములోని వారమే. మేడారము జాతరలోని నాలుగు దినములు నాలుగు విధములైనవి. బుధవారము సాయంకాలము కన్నెపల్లినుండి సారలమ్మ గద్దెకు వచ్చును. పూనుగొండ్లనుండి పగిడిద్దరాజు, కొండాయినుండి గోవిందరాజు వత్తురు. గురువారము సాయంకాలము చిలకలగుట్టనుండి కుంకుమ భరిణె రూపమున సమ్మక్క దిగివచ్చును. ఆ సమయమున పోలీసు అధికారులు తుపాకి పేల్చి గౌరవవందనము చేయుదురు. శుక్రవారము దేవతలందరు గద్దెలమీద నుందురు. భక్తులు తమ యెత్తు బెల్లమును 'బంగారము' అను పేర సమర్పింతురు. శనివారము సాయంకాలము తల్లులు వనప్రవేశము చేయుదురు.

గురువారము సాయంకాలమునుండి శుక్రవారము వరకు జనము మిక్కుటము. సమ్మక్క రాకను జూడగోరువారు గురువారము బయలుదేరినచో చూడలేరు. మా యనుభవమే సాక్ష్యము. వారు బుధవారము ఉదయమునకే చేరి, అచ్చటనే మకాము వేసి, గురువారము రాత్రి గడచువరకు కదలకుండవలెను. తిరుగు ప్రయాణమునకు తొందరపడక, ముందువచ్చిన బండ్లు కొంత కదలిన పిదప బయలుదేరవలెను. ఇది బలమును, ఓపికయు గల యువకులకు తగినది.

వృద్ధులును, పసిపిల్లల తల్లులును జాతరకు రెండు మూడు వారముల ముందే పోవుట మేలు. అప్పుడు అమ్మవార్లు గద్దెలమీదికి వచ్చియుండరు, గద్దెలకే మ్రొక్కుకొనవలెను. ఆ రాకలోని యుత్సాహము, డోలు చప్పుడు, శివసత్తుల పూనకము కానరావు. ఇది నష్టమే. కాని గద్దె నంటి, బెల్లము సమర్పించి, వాగులో కాళ్లు కడుగుకొని, పిల్లవాని చేయి విడువకుండ చీకటిపడకముందే తిరిగి బయలుదేరవచ్చును. ఇది లాభము. పెద్ద జాతర లేని సంవత్సరములలో మాఘమునందే చిన్న జాతర జరుగును. 2023లో ఫిబ్రవరి 1 మొదలు 4 వరకు, 2025లో ఫిబ్రవరి 12 మొదలు 15 వరకు జరిగెను. అదియు శాంతమును గోరువారికి తగినదే.

మేడారము బోవుటకు ముందు వేములవాడ రాజన్నను దర్శించుకొను నాచారము మన ప్రాంతమున కలదు. కావున పెద్ద జాతర వచ్చు సంవత్సరమున వేములవాడలో రెండు జనప్రవాహములు వచ్చును. ఒకటి మేడారమునకు ముందు వారములలో. రెండవది మాఘ బహుళ చతుర్దశినాడు, అనగా మాఘ పున్నమికి సుమారు పక్షము తరువాత వచ్చు మహాశివరాత్రికి. ఈ రెంటి నడుమ, సోమవారము గాని దినము నెన్నుకొనువారికి ధర్మగుండమునొద్దను కోడెమ్రొక్కు నొద్దను కొంత తెరపి దొరకును. సిరిసిల్ల వారికి ఇది చిరపరిచితమైన సంగతి. కోరుట్ల, జగిత్యాల వారు వారినుండి నేర్చుకొనవలెను.

జనుల లెక్క తప్పినప్పుడు నష్టము కేవలము విసుగుతో ముగియదు. 2015 జూలై 14న, పుష్కరముల మొదటి దినమున, రాజమహేంద్రవరమునందు ఒకే ఘట్టమునొద్ద జనము క్రిక్కిరిసి, త్రొక్కిసలాటలో 27 మందికి తక్కువ గాకుండ మరణించిరి. పుష్కరములు 12 దినములు. గోదావరి తీరమున ఘట్టములు పెక్కు. నది యొక్కటే, నీరొక్కటే. అయినను మొదటి దినము, మొదటి ముహూర్తము, ఆ ఘట్టమే కావలెనని జనమెల్ల నొక్కచోట గూడుట యేర్పాట్లు చేయువారికిని, వచ్చువారికిని గుణపాఠము కావలసియున్నది.

మనకు మరింత దగ్గరనున్న దుఃఖము 2018 సెప్టెంబరు 11 మంగళవారము నాటిది. కొండగట్టు ఘాటు రోడ్డు దిగుచున్న బస్సు లోయలో బడి అరువదిమందికి పైగా చనిపోయిరి. మృతులలో పెక్కుమంది చుట్టుపట్ల పల్లెలవారు. ఆ బస్సులో పరిమితికి మించి జనులుండిరి. చనిపోయినవారిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. తన పల్లెకు వేరు బండి లేనివాడు నిండిన బండినే యెక్కును. అతనికి వేరు దారి లేదు. కాని యాత్రకు బోవువానికి దారి కలదు. అతడు మంగళవారము మాని బుధవారము పోవచ్చును. నిండిన బండిని విడిచి తరువాతి బండికై వేచియుండవచ్చును. ఆవిధముగా నతడు తన ప్రాణమును గాచుకొనుటయే కాక, పనిమీద పోవు పల్లెవానికి ఒక స్థలము విడిచినవాడగును. రద్దీ లేని దినము నెన్నుకొనుట పరోపకారము గూడ ననుటకు ఇదియే కారణము.

ఇంటి లెక్క

పుస్తకములలో నెచ్చటను వ్రాయని లెక్క యిది. మన ప్రాంతపు రైతులకు జనవరి మొదలు మార్చి వరకు పసుపు పని. త్రవ్వవలెను, ఉడికింపవలెను, ఆరబెట్టవలెను, మెరుగు పెట్టవలెను. కల్లములో పసుపు ఆరుచుండగా ఇల్లు విడిచి నాలుగు దినములు జాతరకు బోవుట యెంత కష్టమో కోరుట్ల రైతు నడిగిన తెలియును. బీడీలు చుట్టు తల్లికి పోయిన దినమునకు కూలి లేదు. సిరిసిల్ల మగ్గము నిలిచిన దినమునకును అంతే. పదవతరగతి విద్యార్థులకు మార్చిలో పరీక్షలు. ఫిబ్రవరి కడపట వచ్చు జాతర వారికి చదువు చెరుపును, జనవరి కడపట వచ్చునది యంతగా చెరుపదు. 2024లో ఫిబ్రవరి 21 మొదలైన జాతరకును, 2026లో జనవరి 28 మొదలైన జాతరకును నడుమ పరీక్షార్థికి మూడు వారములకు పైగా భేదము కలదు. ఆ మూడు వారములలో నెన్ని పాఠములు చదువవచ్చునో మా విద్యార్థులు లెక్కింతురు గాక.

ఖర్చు గూడ కాలమునుబట్టియే యుండును. రద్దీ దినములలో బండి కిరాయి పెరుగును. బసకు, కొబ్బరికాయకు, నీళ్లసీసాకు గూడ ధర హెచ్చును. ఎడారిలో పున్నమి రాత్రులకు గుడారములు ముందుగనే నిండిపోవును. తీర్థయాత్రకై అప్పు చేయుటకంటె పదిదినములు ముందో వెనుకో పోవుట వివేకము.

ముగింపు

ఇన్ని లెక్కలు చెప్పిన పిదప, "అయితే మంచి దినమేది?" అని యెవరైన నడిగినచో, "మీరు దేనికై పోవుచున్నారు?" అనియే మా ప్రశ్న. చూచుటకు బోవువాడు రద్దీని సహింపవలెను. మ్రొక్కు చెల్లించుటకు బోవువాడు నిమ్మళమైన దినము నెన్నుకొనవచ్చును. ఇంటిలోని పెద్దవారిని దీసికొనిపోవువారు తమ కోరికను గాక వారి కోరికను ముందుగా నడుగవలెను. మేము నాడు చేయనిది ఆ యొక్క పనియే. ఆ యవ్వను ముందుగా నడిగియున్నచో, తల్లి గద్దెకు వచ్చుట చూచుట ముఖ్యమా, గద్దెను తాకి మ్రొక్కుట ముఖ్యమా యని యామెయే చెప్పియుండెడిది. రెండింటిలో నొకటియైన ఆమెకు దక్కియుండెడిది.

ఇక తొమ్మిదవ తరగతి బాలుని ప్రశ్నకు మేమిచ్చిన యుత్తరము చెప్పి ముగింతుము. వేసవి పనికిరాదని చెప్పి, నాలుగు లెక్కలును వాని చేతనే వేయించితిమి. నేల లెక్కనుబట్టి డిసెంబరు, జనవరి మంచివి. ఇంటి లెక్కనుబట్టి జనవరి వాని తండ్రికి పసుపు త్రవ్వు నెల. మన పాఠశాలకు క్రిస్మసు సెలవులు డిసెంబరు కడపట వచ్చును. అప్పటికి ఉప్పు ఆరియుండును, పసుపు పని మొదలైయుండదు. జనుల లెక్కనుబట్టి సెలవు దినములలో కొంత రద్దీ తప్పదు. కావున బసను ముందుగా నేర్పరచుకొనవలెను. మిగిలినది చంద్రుని లెక్క. ప్రతి యేడును ఆ సెలవులలో పున్నమి రాదు. పంచాంగములు తిరుగవేసి, పున్నమి పడు సంవత్సరమును వెదకుమని చెప్పితిమి. ఒకవేళ అమావాస్యయే తటస్థించినను విచారింపవలదంటిమి. ఆ రాత్రి తెల్లని నేల మెరయదు గాని, జగిత్యాల దీపముల వెలుగులో నెన్నడును కానరాని నక్షత్రములు దిగంతము వరకు కానవచ్చును.

మరునాడు వాడు పంచాంగముతో వచ్చెను. కాగితముమీద నాలుగు వరుసలు గీచి, ఒక్కొక్క సంవత్సరమునకు ఎదురుగా పున్నమి తేదీలు వ్రాసియుండెను. అడుగున, "మా నాయన రెండేండ్లు డబ్బు కూడబెట్టుదమనెను, అంతవరకు ఈ వైశాఖములో కొండగట్టునకు తెల్లవారుజామున పోవుదుము" అని వ్రాసెను. కాగితము నతనికే తిరిగి యిచ్చి, నీటిసీసాయు, చేతిదీపమును మరువవద్దని చెప్పితిమి.